జారుముడీ పీటముడీ

నరసాపురం వెళ్లడానికి సఖినేటిపల్లి రేవులో పంటు కోసం నిలబడ్డప్పుడల్లా నాకో పిచ్చి కాలక్షేపం. ఏది దేనితో కట్టారా అని చూస్తుంటాను. బండి వెనక బొండాల గెలకి పీచుతాడు, బడ్డీ మీద రేకు లేచిపోకుండా ఇనప తీగ, కోళ్ల గంపకి పాత చీర పేలిక. ఈమధ్య వీటన్నిటినీ ఓ నల్ల ప్లాస్టిక్ పట్టీ పక్కకి నెట్టేస్తోంది. అదే కేబుల్ టై. ఇక్కణ్ణుంచి అంతర్వేది దాకా స్తంభాల మీద టీవీ వైర్లకీ, రొయ్యల చెరువుల మీద కొంగలు వాలకుండా కట్టే వలలకీ, ఏరియేటర్ల వైర్లకీ అదే.

మా పెదనాన్న పందిళ్లు వేసేవారు. తాటినార నానబెట్టి, మెత్తబడ్డాక వాసానికి చుట్టి, కాలు రాటకి తన్నిపెట్టి లాగేవారు. ఎంత లాగాలి పెదనాన్నా అంటే, "కిర్రుమనాలిరా, ఏడవకూడదు" అనేవారు. ఆ కిర్రుకీ ఏడుపుకీ తేడా నాకు చివరిదాకా పట్టుబడలేదు. పీచుతాడు వాడినచోట మాత్రం పీటముడి పడనిచ్చేవారు కాదు. పెళ్లయ్యాక ముళ్లు విప్పుకుని, తాడు చుట్ట చుట్టుకుని ఇంటికి తెచ్చుకోవాలి మరి. రేపు ఇంకో పందిరి ఉంటుంది.

కేబుల్ టై పట్టీకి రంపంలా సన్నటి పళ్లుంటాయి, తలలో చిన్న నాలుక ఉంటుంది. లోపలికి తోస్తే జారుముడి. వెనక్కి లాగితే పీటముడి. మనవాళ్లు రెండు పేర్లు పెట్టుకున్న రెండు ముళ్లనీ ఒకే పట్టీలో పెట్టినవాడు అమెరికాలో థామస్ అండ్ బెట్స్ కంపెనీ మనిషి, మారస్ లోగన్. 1956లో బోయింగ్ విమానాల ఫ్యాక్టరీ చూడ్డానికి వెళితే, అక్కడ మైనం పూసిన నైలాన్ దారంతో వేల వైర్లని ముడి మీద ముడి వేసి కడుతున్నారు. దారం లాగీ లాగీ వేళ్లు కోసుకుపోయి కాయలు కాచి ఉన్నాయి. రెండేళ్లు కుస్తీ పట్టి 1958లో పేటెంటుకి పెట్టాడు. మొదట్లో ఆ నాలుక ఉక్కుది. దారం మాత్రం ఓడిపోలేదు సుమా. 2012లో అంగారకుడి మీద దిగిన క్యూరియాసిటీ రోవర్ వైర్లకి చేత్తో వేసిన దారపు ముళ్లే ఉన్నాయి.

ఇక నా సంగతి. చెరువు మీద ఏరియేటర్ వైర్లు నేనే కట్టాను. పట్టకారుతో లాగడం, కటింగ్ ప్లేయరుతో తోక కత్తిరించడం. కత్తిరించిన ప్రతి తోకా ఏటవాలుగా ముల్లులా మిగిలింది. వారం తర్వాత అదే గుత్తిలోకి చెయ్యి పెట్టి తీస్తే ముంజేతి మీద మూడు గీతలు. ఉప్పునీళ్లలో ఆ మంట ఎలా ఉంటుందో రొయ్యల రైతుకి చెప్పక్కర్లేదు. పైగా తెల్ల టైలు కొన్నాను, చవకని. రెండో ఎండాకాలానికి చిటుక్కుమని విరిగిపోయాయి. నల్లవాటిలో కలిపే మసి ఎండని అడ్డుకుంటుందనీ, అది రంగు కోసం కాదనీ అప్పుడు తెలిసింది.

సీసీ కెమెరాలు బిగించే మా వీధి కుర్రాడు విని నవ్వి, సంచిలోంచి పిస్తోలు లాంటిది తీశాడు. టై తోకని దాని ముక్కులో దూర్చి నాలుగుసార్లు నొక్కాడు. లోపలి దవడ తోకని పట్టి లాగుతోంది. ఐదోసారికి టక్కుమంది. తోక తల అంచు దాకా నున్నగా తెగి కింద పడింది. వేలితో రాసి చూశాను. ముల్లు లేదు.

"ఎంత బిగించాలో దీనికెలా తెలుసురా?"

"దానికేం తెలుస్తుందండి బాబాయ్ గారూ. ఎనక ఈ నాబు తిప్పేది మనవే కదండీ."

నేనోసారి నాబు చివరిదాకా తిప్పేసి సన్న టై పెట్టాను. రెండున్నర మిల్లీమీటర్ల పట్టీ మోసేది ఎనిమిది కిలోలే. పుటుక్కుమంది. దాదాపు ఐదు మిల్లీమీటర్లదైతే ఇరవై రెండు కిలోల దాకా ఆగుతుంది. పోనీ లావు పట్టీ వేసి గట్టిగా నొక్కేద్దామంటే నెట్ కేబుల్ లోపల నలిగి బొమ్మ ఆగి ఆగి వస్తుందట. కార్ల వైర్లు కట్టే ఫ్యాక్టరీల్లో ఇంకా పెద్ద యంత్రాలున్నాయి. పట్టీని అదే చుట్టి, అదే బిగించి, అదే కోస్తుంది. సెకను పని. అక్కడా ముందుగా అంకె పెట్టేది మనిషే. పెదనాన్న కిర్రు నాబులోకి వచ్చి కూర్చుందన్నమాట. ఒకసారి సరిగ్గా పెడితే వందో టై కూడా మొదటిదంత బిగువుగానే ఉంటుంది. చేత్తో కట్టే నాకు ముప్పయ్యోదానికే వేళ్లు తిమ్మిరెక్కేవి. అందుకే నేనూ ఒకటి కొన్నాను, మొహమాటం లేకుండా.

మొన్న రొయ్యల పట్టుబడి అయింది. ఏరియేటర్లు గట్టుకి చేర్చాలి. "దీంతో విప్పడం కూడా కుదురుతుందేంట్రా" అని ఆ కుర్రాణ్ణి అడిగాను.

"ఇప్పడమేంటండీ, కోసి పారెయ్యడమేనండి" అన్నాడు.

కోశాం. గట్టంతా నల్ల ముక్కలు. చెరువులో పడకుండా ఒక్కొక్కటే ఏరుతుంటే పొద్దుగూకింది. సగం బకెట్ అయ్యాయి. పెదనాన్న పీచుతాడు చుట్ట ఇప్పటికీ మా కొట్టు గదిలో మేకుకి వేలాడుతోంది. ఏరియేటర్లని ట్రాలీకి కట్టడానికి అదే తెచ్చాను.