నమాజును ‘ప్రార్థన’ అనుటలోని చిక్కు: మన ప్రసంగములపై ఒక విమర్శ

ఇస్లామును గూర్చి మన సంఘములలో జరుగు ప్రసంగములలోను, వేదాంత తరగతులలోను ఒక మాట తరచు వినబడును: ముస్లిములు రోజుకు ఐదుసార్లు ప్రార్థన చేయుదురు గాని అది యాంత్రికము, అవే మాటలు, అవే కదలికలు, హృదయమునకు అందులో చోటు లేదు. వెంటనే మత్తయి 6:7 దీనికి జతచేయబడును. ఈ తీర్పు ఎంతవరకు న్యాయమైనదో పరీక్షించుటయే ఈ వ్యాసము ఉద్దేశము. మా అభిప్రాయములో పొరపాటు తీర్పుకంటె ముందే, ‘ప్రార్థన’ అను అనువాదములోనే మొదలగుచున్నది.

రెండు పదములు, ఒకే అనువాదము

అరబీలో ‘సలాత్’, ‘దుఆ’ అను రెండు వేర్వేరు పదములున్నవి. నియమిత సమయములలో నియమిత రీతిగా చేయు ఆరాధన సలాత్. మన ప్రాంతములో దీనినే పారసీక పదముతో నమాజు అందురు. దేవునికి చేసికొను విన్నపము దుఆ. నమాజు వెలుపల దీనిని ఏ వేళనైనను, ఎవరి భాషలో వారు, తమ సొంత మాటలతో చేసికొనవచ్చును. తెలుగులో మనము ఈ రెంటిని ‘ప్రార్థన’ అనియే వ్రాయుచున్నాము. ప్రార్థించుట అనగా వేడుకొనుట. కనుక వినువారు నమాజులో వ్యక్తిగతమైన వేడుకోలును వెదకుదురు. అది ప్రధానముగా కనబడనందున ఇది వట్టి ఆచారమని తేల్చివేయుదురు. మన ఆరాధన క్రమములోని స్తుతిని, విశ్వాస ప్రమాణమును మాత్రమే విని, “వీరు దేవునిని ఏమియు అడుగుట లేదు” అని ఎవరైనను నిందించినయెడల మనము ఒప్పుకొందుమా?

నమాజులో జరుగునదేమి?

నమాజుకు ముందు వుజూ చేయుదురు. చేతులు, నోరు, ముక్కు, ముఖము కడుగుకొని, మోచేతులవరకు చేతులు కడిగి, తడిచేతితో తల తుడుచుకొని, పాదములు కడుగుకొందురు. నీరు దొరకనిచోట శుభ్రమైన మట్టితో తయమ్ముమ్ చేయవచ్చును. తరువాత కాబా దిక్కునకు తిరిగి, సంకల్పముతో (నియ్యత్) ఆరంభింతురు. నిలువబడి ఖుర్ఆన్ పఠించుట, నడుము వంచుట (రుకూ), నుదురు నేలకు ఆనించుట (సజ్దా): ఇవన్నియు కలిసి ఒక రకాత్. తప్పనిసరియైన రకాతులు ఫజ్ర్‌లో 2, జుహ్ర్‌లో 4, అస్ర్‌లో 4, మగ్రిబ్‌లో 3, ఇషాలో 4. వెరసి రోజుకు 17. ప్రతి రకాత్‌కు రెండు సజ్దాలు గనుక వీటిలోనే నుదురు 34 మారులు నేలను తాకును.

ప్రతి రకాత్‌లో పఠింపబడు ఫాతిహా అధ్యాయములో 7 ఆయతులున్నవి. అది సర్వలోకముల ప్రభువును స్తుతించి, ఆయన కరుణను, తీర్పుదినముపై ఆయన అధికారమును చెప్పి, ఆయననే ఆరాధించి ఆయననే సహాయము కోరుచున్నామని ప్రకటించి, సరియైన మార్గము చూపుమను మనవితో ముగియును. విన్నపము ఉన్నది, అయితే అది స్తుతికి, సమర్పణకు తరువాత వచ్చుచున్నది. మరియు ప్రయాణికునికి నాలుగు రకాతులు రెండగును. నిలువలేని రోగి కూర్చుండియో, పండుకొనియో నమాజు చేయవచ్చును. మనిషి స్థితిని ఇంతగా గమనించు క్రమమును యంత్రమనుట తగునా?

హృదయమును గూర్చిన ప్రశ్న

హృదయము లేని నమాజును మొదట నిందించినవారము మనము కాము. నమాజులో అశ్రద్ధ చూపుచు, నలుగురు చూడవలెనని చేయుచు, పొరుగువారికి చిన్న సాయమైనను నిరాకరించువారికి ఖుర్ఆన్ 107వ అధ్యాయము నాశనమును ప్రకటించుచున్నది. 1111లో మరణించిన ఇమామ్ గజాలీ తన ‘ఇహ్యా ఉలూమిద్దీన్’ అను మహాగ్రంథములో నమాజుకే ఒక భాగమును కేటాయించి, హృదయ సాన్నిధ్యము దాని ప్రాణమని బోధించెను. మిషనెరీయైన కాన్‌స్టాన్స్ ప్యాడ్‌విక్ సామాన్య ముస్లిములు వాడు చిన్న ప్రార్థన పుస్తకములను సేకరించి, చదివి, 1961లో ‘ముస్లిమ్ డివోషన్స్’ అను గ్రంథమును ప్రచురించెను. తీర్పు చెప్పుటకు ముందు చదువుట ఎట్లో ఆమె శ్రమ మనకు నేర్పుచున్నది.

అరబీ అర్థము తెలియకయే పఠించువారు అనేకులున్నారను విమర్శలో నిజము లేకపోలేదు. అయితే ప్రభువు నేర్పిన ప్రార్థనను ఊపిరి తీయక అప్పగించు అలవాటు మన సంఘములలో లేదా? మత్తయి 6:7 యేసు తన శిష్యులకు చేసిన హెచ్చరిక. ఆ మాట చెప్పిన వెంటనే ఆయన వారికి ఒక ప్రార్థనను నేర్పెను. దానిని దినమునకు మూడుసార్లు చేయవలెనని ఆదిమ సంఘపు ‘డిడాకే’ 8వ అధ్యాయము ఆదేశించుచున్నది. దానియేలు యెరూషలేము తట్టు తెరచిన కిటికీయొద్ద ముమ్మారు మోకాళ్లూనెను (దానియేలు 6:10). నియమిత వేళ, నియమిత దిక్కు, వంగిన దేహము: ఇవి స్వతహాగా దోషములైనయెడల ఆ దోషము మన లేఖనములోను ఉన్నట్లే.

నిజమైన భేదము

అట్లని అన్ని ఆరాధనలు ఒక్కటే అనువారితో మేము ఏకీభవించము. ఆ మాట ముస్లిమునకు గాని క్రైస్తవునికి గాని న్యాయము చేయదు. నమాజులో మనిషి తన ప్రభువు ఎదుట దాసుడుగా నిలుచును. దాసుడను ఆ పేరు ఇస్లాములో గౌరవముగలది. క్రైస్తవుడు దత్తపుత్రాత్మను పొంది తండ్రీ అని పిలుచుచున్నాడు (రోమా 8:15). క్రీస్తు యాజకత్వమునుబట్టి కృపాసనమునొద్దకు చేరుచున్నాడు (హెబ్రీ 4:14-16). దేవుని తండ్రి అనుటను, ఇట్టి యాజకత్వమును ఇస్లాము అంగీకరించదు. ఇమాము నమాజు నడుపువాడే గాని యాజకుడు కాడు. సంభాషణ జరుగవలసినది ఇక్కడ. మోకాళ్లను, మాటలను వెక్కిరించుచున్నంత కాలము మనము ఈ ప్రశ్న దరికి చేరము.

కనుక కాపరులకును విద్యార్థులకును మా మనవి ఇది. నమాజును నమాజనియే, దుఆను దుఆ అనియే పిలువుడి. పాఠము సిద్ధపరచినప్పుడు ఒక ముస్లిము పొరుగువాడు వెనుక బల్లమీద కూర్చుండి విన్నట్లు ఊహించుడి. “మేము చేయునది ఇదే” అని అతడు ఒప్పుకొనగలిగిన తరువాతనే మన విమర్శ ఆరంభము కావలెను. పొరుగువానిమీద అబద్ధసాక్ష్యము పలుకరాదను ఆజ్ఞకు ప్రసంగ వేదిక మినహాయింపు కాదు.