ఆవ పెట్టిన కూర, పనసాకులో పొట్టిక్క

గోదావరి జిల్లాల వంట అనగానే అందరికీ ముందు పులసే గుర్తొస్తుంది. పుస్తెలమ్మైనా సరే పులస తినాలన్న మాట ఈ నేల మీదే పుట్టింది. పులస మీద నాకేమీ కోపం లేదు. దాని పులుసు మాటున పడిపోయిన ఇంకో వంట మీద జాలి, అంతే. పనస, కంద, బచ్చలి, అరటి, కొబ్బరి. ఇందులో ఏదీ ఖరీదైన సరుకు కాదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలవలు పారాక వరి పండిందని అందరూ చెబుతారు. ఆ కాలవ తడికి పెరట్లో అరటి గెలలేసింది, కంద దుంప ఊరింది, దడి మీద బచ్చలి పాకింది. వంటింటికి ఆ మాత్రం చాలు.

ఈ వంటలో పనితనమంతా వేళ తెలియడంలో ఉంది. ఏది పొయ్యి మీద ఉండగా వెయ్యాలి, ఏది దించాక వెయ్యాలి, ఏది పెనం మీంచే తినాలి, ఏది పూటంతా ఊరనివ్వాలి అన్న లెక్క అది. ఈ లెక్క మా వాళ్లు కాగితం మీద రాసుకోలేదు. చేతికి వచ్చేసింది.

ముందు పనసపొట్టు సంగతి చూద్దాం. మాఘమాసం దాటి లేత పనసకాయలు దిగుతుంటే రాజమండ్రి కూరగాయల బజారులో పొట్టు కొట్టేవాళ్లు కూర్చుంటారు. చేతులకీ కత్తికీ నూనె రాసుకోకపోతే ఆ పాల జిగురు ఒక పట్టాన వదలదు. పైతోలు చెక్కేసి, కాయని దిమ్మ మీద పెట్టి, టకటకా కొట్టి సన్నటి పొట్టు చేస్తారు. చేయి తిరిగినవాడు కొట్టిన పొట్టు పిడికిట్లో పడితే పొడిపొడిగా ఉంటుంది, ముద్ద కట్టదు. కూర బాగోగులు సగం అక్కడే తేలిపోతాయి. ముద్దైన పొట్టుకి ఎంత జీడిపప్పు వేసినా లాభం లేదు.

ఇంటికొచ్చాక పొట్టుని పసుపూ ఉప్పూ వేసి ఉడికించి, వార్చి, నీళ్లు పోయేలా పిండుతారు. నూనె కాస్త ధారాళంగానే పోసి శనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ, పచ్చిమిర్చి, కరివేపాకుతో పోపు. చిక్కటి చింతపండు గుజ్జు పోసి పచ్చివాసన పోయేదాకా మగ్గించి, అందులో పొట్టు కలిపి దించేస్తారు. అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. ఆవాలూ ఒకటి రెండు ఎండుమిరపకాయలూ ఉప్పూ కాసిని నీళ్లతో మెత్తగా నూరి, పచ్చి నూనెలో కలిపి, కూర చల్లారాక పట్టిస్తారు. ఇదే ఆవ పెట్టడం. వేయించిన మినప వడియాలు ఉంటే అవీ కలుపుతారు. నా మట్టుకు నాకు వడియాలు లేని పనసపొట్టు కూర ఏదో మొహమాటానికి వండినట్టుంటుంది.

చల్లారేదాకా ఆగడం ఎందుకు? ఆవగింజలో ఘాటు ముందే సిద్ధంగా ఉండదు. గింజ నలిగి తడి తగిలాక, అందులోని మైరోసినేజ్ అనే ఎంజైమ్ సినిగ్రిన్ అనే పదార్థాన్ని విడగొడితే, అప్పుడు పుడుతుంది ముక్కు అదరగొట్టే ఆ ఘాటు. వేడి తగిలితే ఆ ఎంజైమ్ పనికిరాకుండా పోతుంది, అప్పటికే పుట్టిన ఘాటు ఆవిరైపోతుంది. పోపులో చిటపటలాడిన ఆవాలు కమ్మగా ఉండి ఘాటెక్కనిది అందుకే. చింతపండు పులుపు ఈ ఘాటు త్వరగా పోకుండా పట్టి ఉంచుతుంది. కెమిస్ట్రీ పుస్తకం మొహం చూడని బామ్మలు ఈ మాటే వేరేలా అనేవారు: “కాలుతున్న కూరకి ఆవ పెట్టకే, చచ్చిపోతుంది.” పొద్దున్న పెట్టిన ఆవ మధ్యాహ్నానికి ముక్కకి పడుతుంది, రాత్రికి ఇంకా బాగుంటుంది. ఎక్కువైతే మాత్రం చేదెక్కుతుంది. అప్పుడు బెల్లం వేసి సర్దుకునేవాళ్లున్నారు గానీ అది నాలుకకి తెలిసిపోతుంది.

కంద బచ్చలిదీ ఇదే దారి. కందలో దురద పుట్టించే సన్నటి స్ఫటికాలుంటాయి, కాబట్టి చింతపండు రసంలో ఉడకాలి. కందకు లేని దురద కత్తిపీటకెందుకని సామెత ఉన్నా, ముక్కలు తరిగిన చేతులకి ఆ దురద తెలుసు. ముద్దగా ఉడికిన కందలో బచ్చలి జిగురు కలిసి కూర దగ్గరపడ్డాక, చల్లార్చి ఆవ పెడతారు. అరటికాయకీ ఆవే, అరటిదవ్వకి పెరుగూ ఆవా. పెళ్లి భోజనంలో ఈ కూరల పక్కన పాఠోళీ, ముక్కల పులుసు, పెరుగావడ, నెయ్యి పోయడానికి చిల్లు పొడిచిన పూర్ణం బూరె వచ్చి పడితే ఆకులో ఖాళీ ఉండదు. పులుసులో బెల్లం వెయ్యడం చూసి గుంటూరు వాళ్లు నవ్వుతారు. నవ్వనీండి.

ఇక దారి. ప్రయాణానికి కట్టుకునే వంటకి ఈ లెక్క తిరగబడుతుంది. అక్కడ ఆగగలిగినదే గొప్పది. అందులో మొదటిది పులిహోర. వేడన్నం పళ్లెంలో ఆరబోసి పసుపు, నువ్వుల నూనె, పచ్చి కరివేపాకు వేసి, ఉడికించిన చింతపండు గుజ్జూ పోపూ పట్టించి, చల్లారాక మళ్లీ ఆవే. పులుపు, ఉప్పు, నూనె మూడూ కాపలా కాస్తాయి కాబట్టి పొద్దున్న కలిపింది సాయంత్రం రైల్లో విప్పినా చెక్కుచెదరదు. అన్నవరం ప్రసాదం కూడా ఇలాంటిదే. గోధుమ నూక, తీపి, నెయ్యి కలిసి విస్తరాకు పొట్లంలోకి ఎక్కితే, కొండ దిగినవాళ్లు దాన్ని ఊరిదాకా మోసుకెళతారు. కాకినాడ కాజా, తాపేశ్వరం మడత కాజా, ఆత్రేయపురం పూతరేకులు ఇవన్నీ కూడా బస్సులో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లే తిండే. పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కాబట్టి వాటి గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు, ఇక్కడికి వదిలేద్దాం.

ఇవన్నీ ఆగే వంటలు. వేడివేడిగా తినాల్సిన వాటిలో నాకు చెప్పాలనిపించేది పొట్టిక్కల గురించి. అంబాజీపేట వైపు వెళ్లినవాళ్లకి తెలుసు. నాలుగు పనసాకులు తీసుకుని, కొసలు ఒకదాని మీద ఒకటి వేసి, కొబ్బరీనె పుల్లలతో కుట్టి బుట్ట చేస్తారు. పుల్ల గుచ్చే చోటు తప్పితే ఆకు చీలుతుంది, పిండి కారుతుంది. ఇడ్లీ పిండే అందులో పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. ఆకు రంగు మారి గోధుమ ఛాయకి వస్తుంది. విప్పితే పొట్టిక్క మీద ఆకు ఈనెల అచ్చు పడి ఉంటుంది, ఆకు వాసన లోపలిదాకా దిగి ఉంటుంది. ఇడ్లీ రేకుల్లో వండిన అదే పిండికి ఈ వాసన రమ్మన్నా రాదు. కొబ్బరి పచ్చడితో వేడిగా తినాలి.

పెసరట్టు అసలు ఆగదు. పొట్టుతో ఉన్న పెసలు నానబెట్టి అల్లం, పచ్చిమిర్చితో రుబ్బి అప్పటికప్పుడు పొయ్యాలి. దోసెల పిండిలా పులియబెట్టకూడదు, పులిస్తే పాడైనట్టే. చాలా హోటళ్లలో తెల్లారగట్ల రుబ్బిన పిండి పది గంటలకీ పోస్తారు. ఆ అట్టు మీద ఎంత అల్లం చల్లినా దాగదు.

ఇంతవరకూ చెప్పింది శాకాహారమే గానీ, ఈ జిల్లాల్లో ఎక్కువమంది చేపా మాంసం తినేవాళ్లే. చింతచిగురులోకి, గోంగూరలోకి, ములక్కాయలోకి రొయ్యలో ఎండు రొయ్యలో వేసి వండడం మామూలు. కూర పేరు చూసి శాకాహారమనుకుంటే మోసపోతారు, అడిగి తినడం మంచిది. అయితే కార్తీకం వచ్చిందంటే ఆ ఇళ్లే పూర్తిగా మారిపోతాయి. శివక్షేత్రాలైన పంచారామాల్లో నాలుగు పాత తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లోనే ఉన్నాయి: ద్రాక్షారామం, సామర్లకోట, పాలకొల్లు, భీమవరం. అయిదోది అమరావతి. ఆర్టీసీ వేసే పంచారామాల బస్సులో కూర్చున్నవాళ్లలో చాలామంది నెలంతా ఉల్లి, వెల్లుల్లి కూడా మానేసినవాళ్లు. కాబట్టి ఈ వంటని ఒక్క కులానికి అంటగట్టడం నాకు నచ్చదు. ఉసిరి చెట్టు కింద వనభోజనంలో కంద బచ్చలి వడ్డించేటప్పుడు ఎవరింటి గరిటో ఎవరూ అడగరు.

బాటసారికి అన్నం పెట్టడం ఈ సీమలో ఎంత పెద్ద మాటో చెప్పాలంటే డొక్కా సీతమ్మగారి పేరెత్తాలి. 1841లో మండపేటలో పుట్టి, లంకల గన్నవరం కోడలై, 1909లో కన్నుమూసేదాకా వేళ కాని వేళ వచ్చినవాళ్లకి కూడా వండి పెట్టారు. ఏటిపాయలు దాటి రేవు దిగిన మనిషికి హోటలు లేని కాలం అది. ఒకసారి ఆవిడ అంతర్వేది యాత్రకి బయలుదేరారట. దారిలో ఒక పెళ్లిబృందం ఆకలికి అలమటిస్తూ, గన్నవరం చేరితే సీతమ్మగారు అన్నం పెడతారని పిల్లల్ని సముదాయించడం విని, యాత్ర మానుకుని వెనక్కి తిరిగారని చెప్పుకుంటారు. గన్నవరం దగ్గరి అక్విడక్టుకి ఆవిడ పేరుంది. రాష్ట్రంలో బడి పిల్లల మధ్యాహ్న భోజనానికీ 2024లో ఆవిడ పేరే పెట్టారు.

ఇప్పుడు బాటసారికి హోటళ్లకేం తక్కువ లేదు. కాకినాడ సుబ్బయ్యగారి హోటలు లాంటి చోట అరిటాకులో కడుపునిండా పెడతారు, బుట్ట భోజనం ఇంటికీ తెచ్చుకోవచ్చు. నా ఫిర్యాదు జాతీయ రహదారి పక్కన కొత్తగా లేచిన ఏసీ హోటళ్ల మీద. ఎదురుగా అరటితోట, వెనక కొబ్బరితోట. కార్డు తెరిస్తే శాకాహారమంటే పనీర్ బటర్ మసాలా, బేబీకార్న్ మంచూరియా. కంద బచ్చలి ఉందా అంటే వడ్డించే కుర్రాడు నన్ను ఎగాదిగా చూశాడు. ఆవ కూర కష్టమని యజమానులు అంటారు గానీ, పొద్దున్న వండి పక్కన పెడితే ఊరి బాగుపడే కూర హోటలుకి పనీర్ కంటే సులువు. మళ్లీ వేడి చెయ్యకుండా వడ్డించాలి, ఆ ఒక్కటీ గుర్తుంచుకుంటే చాలు.

అందుకే ఇటు వచ్చేవాళ్లకి ఒక మనవి. రావులపాలెంలో ఆగినా, రాజమండ్రిలో దిగినా, కార్డు పక్కన పెట్టి ‘ఇవాళ ఆవ పెట్టిన కూరేముంది?’ అని అడగండి. లేదంటే లేదననివ్వండి, మళ్లీసారి వచ్చినప్పుడూ అదే అడగండి. నలుగురు అడిగితే వండేవాడికి వండక తప్పదు.