పండరీ ఎండలో నైట్రస్ బాటిల్

సాయంత్రం ఆరింటికి రాయపూర్ పండరీ బట్టల మార్కెట్ ముందు సెకండ్ గేరు దాటించి కారు నడిపిన మనిషిని నేనింతవరకు చూడలేదు. అయినా ఆ రోడ్డు పక్కన టీ తాగే కారు పిచ్చి కుర్రాళ్లకు ఇంజన్ బలం పెంచే నైట్రస్ కబుర్లు లేనిదే పొద్దుపోదు. తెలుగూ హిందీ ఛత్తీస్‌గఢీ కలగలిపి నడిచే వాదన ఒక్కటే: తడి కిట్టు మంచిదా, పొడి కిట్టు మంచిదా, ఎందులో ఎక్కువ హార్స్‌పవర్ వస్తుంది? హార్స్‌పవర్ సంగతి తర్వాత చూడొచ్చు. ముందు తేల్చుకోవాల్సింది పెట్రోలు సంగతి. అదనంగా వచ్చిపడే ఆక్సిజన్‌కు సరిపడా పెట్రోలు ఎవరు తెస్తారు? వాళ్లు తేలేకపోతే ఇంజన్ గతేమిటి?

నైట్రస్ ఆక్సైడ్ తనంతట తాను మండదు. ఆక్సిజన్‌ను మోసుకొచ్చి ఇవ్వడమే దాని పని. బరువు లెక్కన గాలిలో ఆక్సిజన్ 23 శాతం ఉంటే నైట్రస్‌లో 36 శాతం ఉంటుంది. ఇంజన్ సిలిండర్ వేడికి అది విడిపోయి ఆక్సిజన్‌ను వదులుతుంది. మిగిలిన నైట్రోజన్ మంటను అదుపులో ఉంచుతుంది. అందుకే శుద్ధ ఆక్సిజన్ తగిలిస్తే ఇంకా బాగుంటుందన్న అతితెలివి ఎవరికైనా తడితే అక్కడే తుంచెయ్యాలి. సున్నాకు 88 డిగ్రీల కిందే మరిగే ద్రవం కాబట్టి బయటికి రాగానే లోపలికెళ్లే గాలిని చల్లబరుస్తుంది కూడా. చల్లని గాలి చిక్కన, అది ఉచితంగా దొరికే లాభం.

చిక్కంతా పెట్రోలుతోనే. కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే 14.7 కిలోల గాలి కావాలి. నైట్రస్ అయితే సుమారు 9.6 కిలోలే చాలు. నైట్రస్ ఎక్కించినకొద్దీ పెట్రోలూ ఆ లెక్కన పెరగాలి. పెరక్కపోతే మిశ్రమం పలచబడుతుంది, ఇంజన్ కొట్టుకోవడం (నాకింగ్) మొదలెడుతుంది, కొద్ది సెకన్లలోనే పిస్టన్ అంచు కరిగిపోతుంది.

ఈ విద్య సినిమాలో పుట్టింది కాదు. జోసెఫ్ ప్రీస్ట్లీ 1772లో కనుక్కున్న ఈ వాయువును హొరేస్ వెల్స్ అనే అమెరికన్ దంతవైద్యుడు 1844లో పన్ను పీకేటప్పుడు నొప్పి తెలియకుండా వాడాడు. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్లు ‘జీఎం-1’ పేరుతో దీన్ని యుద్ధ విమానాలకు బిగించారు. బాగా ఎత్తుకు పోతే గాలి పలచబడి ఇంజన్ నీరసించేది, ఆ లోటు నైట్రస్ తీర్చేది. 1978లో మైక్ థర్మోస్, డేల్ వాజ్నేయన్ అమెరికాలో ‘నాస్’ కంపెనీ పెట్టి కిట్లు అమ్మడం మొదలెట్టాక అది డ్రాగ్ రేసు మెకానిక్కుల చేతి విద్యగా స్థిరపడింది. 2001లో వచ్చిన ‘ఫాస్ట్ అండ్ ది ఫ్యూరియస్’ సినిమా ప్రపంచానికంతటికీ నైట్రస్ వదిలే బటన్ చూపించింది. బటన్ వెనకున్న లెక్కలు చూపించే ఓపిక సినిమాకెక్కడిది!

ఇప్పుడు ఆ కుర్రాళ్ల వాదనకు వద్దాం. పొడి పద్ధతిలో గాలి వెళ్లే పైపులోకి, అక్కణ్నుంచి సిలిండర్లకు గాలి పంచే మానిఫోల్డ్‌లోకి నైట్రస్ ఒక్కటే చేరుతుంది. పెట్రోలు పెంచే బాధ్యత కారు సొంత ఇంజెక్టర్లది. మానిఫోల్డ్‌లో గాలి, నైట్రస్ తప్ప మరేదీ నడవదు గనక ఎక్కడా పెట్రోలు నిలవదు, ప్రతి సిలిండర్‌కూ దాని వాటా దాని ఇంజెక్టరే ఇస్తుంది. బిగింపూ తేలికే. అయితే నైట్రస్ వచ్చిందన్న సంగతి కారు కంప్యూటర్‌కు ఎవరో చెప్పాలి. గాలి బరువు కొలిచే సెన్సర్ ఉన్న కార్లలో నాజిల్‌ను ఆ సెన్సర్‌కు ముందు పెట్టి, దాని చేతనే కబురు పంపించే కిట్లున్నాయి. మన చిన్న కార్లలో చాలావాటికి ఆ సెన్సర్ ఉండదు. అవి మానిఫోల్డ్ ఒత్తిడి చూసి పెట్రోలు లెక్కగట్టుకుంటాయి, వాటికి నైట్రస్ జాడే తెలియదు. కాబట్టి ట్యూనర్ కూర్చుని ఆ కంప్యూటర్‌లో (ఈసీయూ) ప్రత్యేకంగా పెట్రోలు మ్యాప్ రాయాలి. ఎంత బాగా రాసినా ఇంజెక్టర్ సైజు దగ్గర ఆగాల్సిందే. 80 పైచిలుకు హార్స్‌పవర్ కోసం చేసిన 1.2 లీటర్ల కారు ఇంజెక్టర్ నుంచి దానికి రెట్టింపు అడిగితే అది పూర్తిగా తెరుచుకుని ఉన్నా పెట్రోలు చాలదు.

తడి పద్ధతిలో నైట్రస్‌తోపాటు పెట్రోలు కూడా నాజిల్ దగ్గరే కలిసి తుంపరగా వస్తుంది. రెండు సొలినాయిడ్ వాల్వులు, రెండు గొట్టాలు, రెండు జెట్లు. అమెరికన్ కిట్లలో మామూలుగా నీలం ఫిట్టింగు నైట్రస్‌ది, ఎరుపు పెట్రోలుది. ఇంజెక్టర్ల మీద ఆధారపడదు కాబట్టి పెద్ద షాట్లకు, అంటే ఎక్కువ అదనపు హార్స్‌పవర్‌కు, ఇదే దారి. పాత మారుతి 800 లాంటి కార్బరేటర్ కార్లకైతే సహజంగా కుదురుతుంది, ఎందుకంటే వాటి మానిఫోల్డ్ పుట్టిందే పెట్రోలు తుంపర మోయడానికి. కార్బరేటర్ కింద ఒక ప్లేటు బిగిస్తే సరిపోతుంది. (అంబాసిడర్‌కు కూడా బిగించొచ్చు. ఎందుకని మాత్రం అడక్కండి.) ఇంజెక్టర్ కార్ల మానిఫోల్డ్ గాలి కోసం మాత్రమే మలిచింది. మలుపుల దగ్గర గాలి తిరుగుతుంది, బరువైన పెట్రోలు చుక్క తిరగలేక గోడకు కొట్టుకుని అడుగున చేరుతుంది. ఒక సిలిండర్‌కు ఎక్కువ, ఇంకోదానికి తక్కువ. అడుగున మడుగు కట్టిన పెట్రోలు మీదికి ఒక్క మంట వెనక్కి తన్నితే ప్లాస్టిక్ మానిఫోల్డ్ ముక్కలవుతుంది. గాలి నెమ్మదిగా నడిచే తక్కువ ఆర్‌పీఎంలో నైట్రస్ వదలకూడదనేది అందుకే. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితేనే, ఇంజన్ 3000 ఆర్‌పీఎం దాటితేనే సొలినాయిడ్లకు కరెంటు అందేలా స్విచ్చులు పెట్టడం ఈ పనిలో మొదటి పాఠం.

జెట్టు అంటే చిటికెన వేలి గోరంత ఇత్తడి ముక్క. మధ్యలో సూదిమొన లాంటి రంధ్రం, పక్కన చెక్కిన అంకె. 36 అంటే అంగుళంలో వెయ్యోవంతులు 36. నైట్రస్ జెట్టు, పెట్రోలు జెట్టు పక్కపక్కన పెడితే కంటికి తేడా కనిపించదు. తారుమారు చేసి బిగించారో, ఆ ఇంజన్‌కు అదే ఆఖరి పరుగు కావచ్చు. మంచి ఉస్తాద్ బిగించే ముందు దీపం కింద పెట్టి ఆ అంకె బయటికి చదువుతాడు, పక్కనున్నవాడు కాగితం మీద రాసుకుంటాడు.

ఇక అమెరికా పుస్తకాలు చెప్పని రాయపూర్ సంగతి. అమెరికాలో డ్రాగ్ రేసుకు వెళ్లేవాళ్లు నైట్రస్ బాటిల్ చల్లబడిపోతుందని దానికి హీటర్ దుప్పటి చుడతారు. బాటిల్ లోపల ఒత్తిడి 20 డిగ్రీల దగ్గర సుమారు 50 బార్లు, 30 డిగ్రీల దగ్గర 63 బార్లు. కిట్ల జెట్ పట్టికలు ఈ రెండో అంకెకు దగ్గరగా వేసినవే. 36.4 డిగ్రీలు దాటితే మాత్రం నైట్రస్ ద్రవంగా ఉండనే ఉండదు, ఎంత ఒత్తిడి పెట్టినా సరే. పండరీలో మే నెల మధ్యాహ్నం నీడలోనే 43, 44 డిగ్రీలు, ఎండలో నిలిపిన కారు డిక్కీలో ఇంకెంతో ఎక్కువ. ఒత్తిడి పెరిగిన మేర నైట్రస్ ఎక్కువగా తోసుకొస్తుంది, తడి కిట్టులో పెట్రోలు జెట్టు మాత్రం మారదు, మిశ్రమం పలచబడుతుంది. ఇంకా వేడెక్కితే సాంద్రత పడిపోయి ఎంత వస్తుందో పట్టికలకు అందదు. ముందే రాసిపెట్టిన పొడి మ్యాప్‌కూ ఇదే గతి. కాబట్టి మన ఊళ్లో హీటర్ కొనే డబ్బుతో ప్రెషర్ గేజీ కొనుక్కుని, బాటిల్‌ను ఐసు నీళ్ల గుడ్డతో 30 డిగ్రీలకు దింపాకే వాల్వు తిప్పాలి. తడి, పొడి వాదనకన్నా రాయపూర్ వేసవిలో ఈ ఒక్క జాగ్రత్తే ఇంజన్‌ను ఎక్కువ కాపాడుతుందని నా నమ్మకం.

పరుగు అయ్యాక పాత మెకానిక్కులు కంప్యూటర్ తెర కంటే ముందు స్పార్క్ ప్లగ్గు చూస్తారు. యాక్సిలరేటర్ వదలకుండానే ఇంజన్ ఆపేసి, బండి ఆగాక ప్లగ్గు విప్పి, భూతద్దంతో తెల్లని పింగాణీ మీద వెతుకుతారు. మిరియపు పొడిలా నల్లని చుక్కలుంటే ఇంజన్ కొట్టుకుంటోందని అర్థం. వెండి రంగు చుక్కలుంటే అది పిస్టన్ అల్యూమినియమే, అప్పటికే కరగడం మొదలైంది. 50 హార్స్‌పవర్ షాట్‌కు స్పార్క్ టైమింగు రెండు డిగ్రీలు వెనక్కి లాగడం, ఒక అంకె చల్లని ప్లగ్గు వెయ్యడం ఈ చూపుతోపాటు వచ్చిన ఆనవాయితీలే. యంత్రాలు ఎంత పెరిగినా ఈ కంటి చూపుకు విలువ తగ్గలేదు.

చట్టం మాట కుండబద్దలు కొట్టినట్టు ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ మాటే మళ్లీ నొక్కి చెప్పింది. అదే ఏడాది సవరణతో అనుమతి లేని ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. రోడ్డు మీద రేసు పెట్టుకుంటే 189వ సెక్షన్ వేరే.

నా తీర్పు ఇది. ఇంజెక్టర్ కారైతే పొడి పద్ధతి, 25, 30 హార్స్‌పవర్ మించకుండా, అదీ కారులోని పెట్రోలు పంపు ఒత్తిడి కొలిపించి, మ్యాప్ రాయించాకే. కార్బరేటర్ కారైతే తడి పద్ధతి. అంతకు మించి ఆశ ఉంటే ఒక్కో సిలిండర్‌కూ విడి నాజిల్, విడిగా గట్టి పిస్టన్లు, అది వీధి కారు లెక్కలోకి రాదు. ఏదైనా సరే శ్రీపెరుంబుదూరు లాంటి రేసు ట్రాక్ మీదే బాటిల్ తెరవండి. నవా రాయపూర్ రోడ్లు ఎంత వెడల్పుగా, ఎంత ఖాళీగా కనిపించినా అక్కడ బాటిల్ వాల్వు మూసే ఉంచండి.