‘కొల్లేటి జాడలు’: కాంటూరు గీతకు లోపల

అక్కినేని కుటుంబరావు ‘కొల్లేటి జాడలు’ను పర్యావరణ నవలగా చదవడం పరిపాటి. ఆ పఠనం అవసరమే కాని చాలదు. 1999లో అభయారణ్యంగా, 2002లో రామ్‌సర్ చిత్తడినేలగా గుర్తింపు పొందిన కొల్లేటికి ప్రభుత్వం నిర్ణయించిన ఎల్ల 5 అడుగుల కాంటూరు. 2006లో ఆ గీతకు లోపలి చేపల చెరువుల గట్లను తెంచారు. కాంటూరు నేల ఎత్తును మాత్రమే కొలుస్తుంది. మత్స్యకార సహకార సంఘాల పేర ఉన్న చెరువుల్లో అనేకం పెట్టుబడి గలవారి లీజుల్లో నడిచాయన్న సంగతి అందులోకి రాదు. గట్టు తెగితే లీజుదారు మరొకచోట చెరువు తవ్వించుకోగలడు. వలలపై బతికిన వడ్డి కుటుంబానికి సరస్సు తప్ప వేరే ఆస్తి లేదు. కనుక నవలలోని స్మృతిని, మన విమర్శ చేస్తున్నట్లు ప్రకృతి వియోగంగా సరిపెట్టక, ఉమ్మడి వనరు కొందరి వశమైన క్రమంగానూ పరిశీలించాలి. అప్పుడు ‘మనం పోగొట్టుకున్న సరస్సు’ అన్న మాటలోని ‘మనం’ ఎవరన్నది తొలి ప్రశ్న అవుతుంది.