నిలబడి పీల్చే గాలి

పోయిన డిసెంబర్‌లో ఓ తెల్లవారుజామున మా డాబా మీద నిలబడి ఉన్నాను. కాళ్లు భుజాలంత ఎడం, మోకాళ్లు కొద్దిగా సడలించి, పెద్ద కాగును కౌగిలించుకున్నట్టు చేతులు ముందుకు చాచి, నాలుక కొస అంగిటికి ఆనించి, ఊపిరిని బొడ్డు కిందికి దింపుతున్నాను. నాలుగో నిమిషానికి తొడలు వణకడం మొదలైంది. అది రోజూ ఉండేదే. ఐదో నిమిషంలో పడమటి నుంచి ఘాటు వచ్చింది. కుళ్లిన క్యాబేజీ వాసన, దాని వెనకే గొంతులో గీరుకునే తీపి. పటాన్‌చెరులో ఉండేవాళ్లకు దాన్ని వర్ణించి చెప్పక్కర్లేదు. నీళ్ల ట్యాంకు చూడ్డానికి పక్క డాబా ఎక్కిన అక్క కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఛీ, మళ్ల వదిలిన్రు" అంది.

నా ఊపిరి అప్పటికే సగం లోపలికి పోయింది.

నేను చేస్తున్నది చైనావాళ్ల సాధన. ఝాన్ జ్వాంగ్ అంటారు, గుంజలా నిలబడటం. గత శతాబ్దంలో వాంగ్ షియాంగ్‌జాయ్ (1885–1963) అనే యుద్ధవిద్యా గురువు దీన్నే తన విద్యకు పునాది చేశాడు. దెబ్బ తీయడం నేర్చుకోవాలని వచ్చినవాడికి ముందు కదలకుండా నిలబడటం నేర్పాడు. ఇదంతా ఒక శక్తిని పోగుచేసుకోవడానికి. దాని పేరు పలికితే దాదాపు మన 'ఛీ'యే. దుర్వాసన తగిలితే మన నోట వచ్చే మాట వాళ్లకి ఊపిరి, ఆవిరి, గాలి, ప్రాణం అన్నీ. పాత లిపిలో ఆ అక్షరం చూస్తే ఆవిరి గుర్తు కింద బియ్యం గుర్తు ఉంటుంది. ఉడికే అన్నం మీద లేచే పొగ అని దానికి అర్థం చెబుతారు. నాకు ఆ వివరణ చాలా ఇష్టం. ఆకలి, గాలి రెండూ ఒకే గిన్నెలో ఉన్నాయి.

నిలబడటం నాకు కొత్త కాదు. ఓ బల్క్ డ్రగ్ కంపెనీలో పంతొమ్మిదేళ్లు షిఫ్ట్ కెమిస్టుగా చేశాను. రియాక్టర్ ప్లాట్‌ఫాం మీద ఎనిమిది గంటలు, రిలీవర్ రాకపోతే పదహారు. అలా నిలబడేవాడి మోకాళ్లు గడియ పెట్టినట్టు బిగుసుకుంటాయి, బరువంతా నడుం మీద పడుతుంది. నలభై రెండో ఏట నా నడుం పట్టేసింది. ఆర్నెల్లు మాత్రలతో నెట్టుకొచ్చాక హైదరాబాద్‌లో ఓ ప్రకృతి వైద్యుడి దగ్గరికి వెళ్లాను. మన దగ్గర ప్రకృతి వైద్యం డిగ్రీలో ఆక్యుపంక్చర్ కూడా ఒక పాఠం. ఆయన నా మోకాలి చిప్ప కింద నాలుగు వేళ్లు కొలిచి, ముందరి ఎముకకు బయటి పక్కన వెంట్రుకంత సన్నటి సూది దించి మెల్లగా తిప్పాడు.

"ఏమనిపిస్తోంది?"

"బరువుగా ఉంది సార్. లోపల గుంజుతోంది, పాదం దాకా."

"అదే. చైనాలో దాన్నే ఛీ అందింది అంటారు."

అది నొప్పీ కాదు, తిమ్మిరీ కాదు. మర్చిపోయిన కాలు తన సంగతి తాను చెప్పుకున్నట్టుంది. ఛీని ఏ మీటరూ కొలవలేదు, ఆ మాట నేను దాచను. దీర్ఘకాలపు నొప్పుల మీద జరిగిన పెద్ద పరిశోధనల్లో, ఏ సూదీ వేయించుకోనివాళ్లకంటే వేయించుకున్నవాళ్లకు ఉపశమనం బాగా కనిపించింది. ఉత్తుత్తి సూదులతో పోలిస్తే మాత్రం తేడా కొద్దిగానే ఉంది. అది తెలిసీ వెళ్లాను. కొన్ని వారాల తర్వాత ఆయనే సూదులు ఆపేసి, "ఇక మీరే నిలబడండి" అని ఈ గుంజ భంగిమ నేర్పాడు. అవే కాళ్లు, అదే నేల. మోకాళ్ల గడియ తీసేసరికి బరువు నడుం వదిలి అరికాల్లోకి జారింది. వేళ్ల వెనక గుంటపడే చోటుకు వాళ్లు ఉబికే ఊట అని పేరు పెట్టారు. నా నడుం బాగుపడింది అక్కణ్నుంచే.

ఈ సూది మన దేశానికి వచ్చిన దారిలో మా ముంబై హైవే ఊరొకటి ఉంది. మా ఇంటి ముందు నుంచి పోయే ఈ రోడ్డే జహీరాబాద్ దాటి సోలాపూర్ చేరుతుంది. సగం వీధుల్లో తెలుగు వినిపించే ఆ ఊళ్లో పుట్టిన డాక్టర్ ద్వారకానాథ్ కోట్నీస్ 1938లో, జపాన్ దాడిలో నలిగిపోతున్న చైనాకు మన దేశం పంపిన ఐదుగురు వైద్యులలో ఒకరు. 1942లో అక్కడే కన్నుమూశారు. ఆయనతో వెళ్లిన డాక్టర్ బిజయ్ కుమార్ బసు తర్వాత మళ్లీ చైనా వెళ్లి ఆక్యుపంక్చర్ నేర్చుకుని, 1959లో కలకత్తాలో మొదలుపెట్టారు.

ఊపిరి విద్య అంతకుముందు ఎన్నో శతాబ్దాల కిందట ఎదురు దిక్కున వెళ్లింది. రెండో శతాబ్దంలో ఆన్ షిగావ్ అనే భిక్షువు లుయోయాంగ్ నగరంలో కూర్చుని, ఊపిరిని గమనించడం నేర్పే ఆనాపాన సూత్రాన్ని చైనా భాషలోకి తెచ్చాడు. ఇంచుమించు అవే రోజుల్లో సంగారెడ్డి దాటాక వచ్చే మన కొండాపూర్‌లో శాతవాహనుల నాణేలు చేతులు మారుతున్నాయి. అక్కడి కోటగడ్డ అనే దిబ్బను నిజాం కాలంలో తవ్వితే బయటపడిన ఆ నాణేలు, పూసలు, మట్టిబొమ్మలు ఊళ్లోని మ్యూజియంలో ఉన్నాయి. ఆ కొండాపూర్‌లోనే ఇప్పుడు విపశ్యన ధ్యాన కేంద్రం నడుస్తోంది, ధమ్మ కొండన్న. బుద్ధుడి మాట మొదట అర్థం చేసుకున్న కౌండిన్యుడి పేరు. నాలుగేళ్ల కిందట అక్కడ పది రోజులు మౌనంగా కూర్చున్నాను. మొదటి మూడు రోజులూ ఒకటే పని. ముక్కు రంధ్రాల దగ్గర ఊపిరి వస్తోంది, పోతోంది, గమనించడం. బిగబట్టొద్దు, సాగదీయొద్దు, ఉన్నదాన్ని ఉన్నట్టు చూడు. మూడో రోజు సాయంత్రానికి పై పెదవి మీద గాలి తగిలే చోటు చిటికెన వేలి గోరంత అయింది. తోటలో తడిసిన మట్టి వాసన, వంటింట్లో జీలకర్ర వేగిన వాసన విడివిడిగా వచ్చి తగిలాయి.

పదకొండో రోజు బస్సులో తిరిగొస్తూ పాశమైలారం ఫ్యాక్టరీల దగ్గర కిటికీ పక్కన కూర్చున్నాను. పంతొమ్మిదేళ్లు పీల్చిన గాలి అది. నాకు వాంతొచ్చింది.

ఇది కాస్త వివరంగా చెప్పాలి. ఫ్యాక్టరీలో కొత్తగా చేరిన కుర్రాళ్లకు నేను మొదట నేర్పిన పాఠం హైడ్రోజన్ సల్ఫైడ్ గురించి. పది లక్షల పాళ్లలో ఒక పాలు లేకపోయినా కుళ్లిన గుడ్డు వాసన కొడుతుంది. వంద పాళ్లకు చేరితే కొద్ది నిమిషాల్లోనే ముక్కు మొద్దుబారి వాసన మాయమవుతుంది. "వాసన పోయింది సార్" అని ఎవరైనా అంటే మేం పరిగెత్తి బయటికి లాగేవాళ్లం. వాసన పోవడమంటే గ్యాస్ పోవడం కాదు. ఇంత బాగా తెలిసిన నేను, ఇంటికొచ్చాక "మనకు అలవాటైపోయిందిలే" అని భార్యతో ఎన్నిసార్లు అన్నానో. కొండాపూర్ ఆ అలవాటును నా ముక్కు మీంచి వలిచేసింది.

ఛీ బలంగా ఉంటే ఏ విషమూ అంటదని చెప్పే గురువులున్నారు. నేను ఒప్పుకోను. ఊపిరితిత్తుల్లోకి దిగిన టొలీన్ లాంటి రసాయనానికి నీ సాధన ఎంతో తెలియదు. పైగా లోతుగా పీల్చేవాడు ఎక్కువే మింగుతాడు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో లెక్కవేసినప్పుడు పటాన్‌చెరు–బొల్లారం 70.07 స్కోరుతో దేశంలోని తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో చేరింది. ఇక్కడి నీళ్ల కాలుష్యం కేసు 1990లోనే సుప్రీంకోర్టుకు వెళ్లింది. పటాన్‌చెరులో వైద్యం చేసిన డాక్టర్ అల్లాని కిషన్ రావు తన దగ్గరికొచ్చిన రోగుల బాధను పట్టుకునే దశాబ్దాల పాటు పోరాడారు. నా మటుకు నాకు ఆయన చేసిందే ఈ నేల మీద పెద్ద ప్రాణ సాధన.

నేను మార్చుకున్నది చిన్న విషయం. మన యోగ పుస్తకాలు సాధనకు బ్రాహ్మీ ముహూర్తమే మంచిదంటాయి. మా దగ్గర చలికాలంలో అది కుదరదు. తెల్లవారుజామున నేలను అంటుకున్న చల్లగాలి మీద వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది, రాత్రి వదిలిందంతా ఆ మూత కిందే ఉంటుంది. ఎండ పడ్డాక గానీ అది లేవదు. అందుకే ఆ డిసెంబర్ తర్వాత సాధనను ఎనిమిదింటికి జరిపాను. ప్యాకింగ్ సెక్షన్‌లో నైట్ షిఫ్ట్ దిగివచ్చే ఇద్దరు ఆడవాళ్లు, పక్కింటి అక్క, నేను. రాత్రంతా నిలబడి వచ్చినవాళ్లను మళ్లీ నిలబెట్టడమేంటని మొదట్లో నాకే మనసొప్పలేదు. "గది వేరే అన్నా, ఇది వేరే. ఈడ మోకాలు గుంజుకపోతలేదు" అంది వాళ్లలో పెద్దామె.

మొన్న మంగళవారం ఎండ వచ్చాక కూడా ఘాటు దిగలేదు. చేతులు కాగు పట్టుకున్నట్టే ఉన్నాయి, కళ్లు మాత్రం నలుగురివీ తెరుచుకున్నాయి. నేనేమీ చెప్పలేదు. అక్క చేతులు దించి, గోడ మీద పెట్టిన నోట్‌బుక్ తీసింది. కొంగు కొస పైకెత్తి గాలి ఎటు లాగుతోందో చూసింది. 8.10, పడమర, క్యాబేజీ అని రాసి, పెన్ను నా చేతికిచ్చింది. కింద నేను సంతకం చేశాను. మిగతా ఇద్దరూ చేశారు. అందరం మెట్లు దిగాం.