లాభం, రెండు, మూడు

సంఖ్యల అంతరార్థం మీద మనవాళ్లు రాసే వ్యాసాలు చాలావరకు ఒకే దారిన నడుస్తాయి. ఒకటి అంటే పరబ్రహ్మ, రెండు అంటే ద్వైతం, అనగా భ్రమ. తోడుగా గ్రీసు నుంచి పైథాగరస్, చైనా నుంచి యిన్-యాంగ్. పండితుల మాట నేను కాదనను. జనం నోట ఒకటీ రెండూ ఏమంటున్నాయో ఈ వ్యాసకర్తలు వినరన్నదే నా అభ్యంతరం.

కుంచంతో ధాన్యం కొలిచే తెలుగువాడు మొదటి కుంచాన్ని ‘ఒకటి’ అనడు, ‘లాభం’ అంటాడు. ఆ తర్వాతే రెండు, మూడు. ‘జోడు’ అంటే జత. చెప్పులకు ఆ జతే పేరైపోయింది. ఇందులో భ్రమ ఎక్కడుంది?

రాయగడ కొండల్లో కోందులు మాట్లాడే కువి మన ద్రావిడ భాషే. అందులో సొంత సంఖ్యాపదాలు ఒకటికీ రెండుకీ మాత్రమే నిలిచాయి. మూడు నుంచి అన్నీ అరువు మాటలే. రెండును వారు ‘రి’ అంటారు. మన ‘ఇరువురు’లోని ‘ఇరు’కు అది చుట్టం. మూడును ఇచ్చేసుకున్న భాష రెండును వదులుకోలేదు. ఇక గుణుపురం వైపు సవరలది మరో లెక్క: పన్నెండు దాటితే ‘పన్నెండు-ఒకటి’, ‘పన్నెండు-రెండు’ అని ఇరవై దాకా పోతారు. గిడుగు రామమూర్తి గారు ఆ భాషకు రాసిన వ్యాకరణం 1931లోనే అచ్చయింది. మన సంఖ్యాశాస్త్ర వ్యాసాల్లో దాని ఊసే ఉండదు.

తమిళంలో ‘ఒరువన్’ అంటే ఒకడు. మన పద్యాల్లో ‘ఒరుడు’ అంటే ఇతరుడు. ఒకటిలోనే రెండోవాడున్నాడని నాకనిపిస్తుంది. నా బ్యాంకు చదువూ అదే చెప్పింది. 1494లో వెనిస్‌లో అచ్చయిన పుస్తకంలో లూకా పచోలీ జంట పద్దుల విధానం వివరించాడు. ఆయన క్రైస్తవ సన్యాసి. దేవుడొక్కడే అని నమ్మినవాడు. అయినా ప్రతి లావాదేవీని రెండు చోట్ల రాయమన్నాడు.

ఇదంతా వట్టి పదాల ముచ్చట కాదు. 1936 ఏప్రిల్ 1న భాష ప్రాతిపదికన ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు, విశాఖపట్నం జిల్లాలో ఉండిన ఈ కోరాపుట్ సీమ అందులో చేరింది. ఒక భాషకు ఒక రాష్ట్రమన్న సూత్రంలోనూ ఆ ‘ఒకటే’ కూర్చుంది. రెండోది భ్రమ అయితే, ఇంట్లో తెలుగూ కచేరీలో ఒడియా మాట్లాడే మన బతుకు ఏ పద్దు కింద రాయాలి? అద్వైతం మీద వ్యాసాలు చాలానే వచ్చాయి. మన పిల్లలు మనసులో లెక్క ఏ భాషలో వేసుకుంటున్నారో అడిగి ఎవరైనా రాస్తే, ముందుగా నేను చదువుతాను.