అహ్లోన్ కోత మిల్లుల పనితనం

బర్మా టేకు గుమ్మం ఉన్నవారు ఆ సంగతి పనిగట్టుకుని చెబుతారు. ఆ చెక్క కోసిన చేతుల ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. రంగూన్‌కు పడమటి వైపు, నది ఒడ్డున ఉన్న అహ్లోన్‌లో ఒకప్పుడు కోత మిల్లులు ఉండేవి. పచ్చి టేకు నీళ్లలో మునిగిపోతుంది. అందుకే అడవిలో చెట్టు మొదట్లో చుట్టూ గాటు పెట్టి, రెండు మూడేళ్లు నిలువునా ఎండనిచ్చి, ఆ తర్వాతే నరికేవారు. దుంగలు తెప్పలుగా నది మీద దిగివచ్చేవి.

ఆపైన అసలు పని. టేకులో ఇసుక గుణం ఉంటుంది. రంపం పళ్లు ఇట్టే మొద్దుబారతాయి. ఆకురాయితో ఒక్కో పన్నుకూ పదును పెట్టేవాడి ఓపికే కోతకు ప్రాణం. చేవ ఎటు ఉందో, పగులు ఎంత లోతుకు పోయిందో చూసి దుంగను తిప్పడం ఇంకో విద్య. కన్ను తప్పితే దూలం కావలసింది వంటచెరకవుతుంది.

కాకినాడ, విశాఖపట్నం రేవుల్లో ఓడెక్కి ‘రంగం’ (రంగూన్) వెళ్లిన మనవాళ్లు అక్కడి రేవులోనూ, బియ్యం మిల్లుల్లోనూ, కోత మిల్లుల్లోనూ చెమటోడ్చారు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. కూలీలు ఊరు విడవగానే సరుకు దించేవాళ్లు లేక రేవు కుంటుపడింది. 1942 మార్చి 8న నగరం జపాన్ వశమైంది. లక్షల మంది భారతీయులు అరకాన్, అస్సాం దారులు పట్టారు, వేలమంది దారిలోనే రాలిపోయారు. రంగూన్ ఎవరి రెక్కల మీద నడిచిందో దొరలకు అప్పుడు తెలిసొచ్చింది.